బెల్టుకు ఊదుబత్తి

మా ఇంట్లో నా పట్టుచీరకు లేని మర్యాద చాలా ఏళ్ళపాటు ఒక బెల్టుకు ఉండేది. నడుముకు పెట్టుకునే బెల్టు కాదు. జీపు వెనక కొక్కేనికి తగిలించి, బురదలో దిగబడ్డ బండ్లను గుంజే బెల్టు. బెత్తెడు వెడల్పు, మా వాకిలి ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడవు. రెండు చివర్లా మడిచి, దిట్టంగా కుట్టి, చేయి దూరేంత సందు వదిలారు. దాన్ని కన్ను అంటారు. మా ఆయన ఆ బెల్టును బెల్టు అనే అనేవాడు. మా అత్తమ్మ 'తల్లి' అనేది. ఉతికేది నేను కాబట్టి, నేను మాత్రం ఆ రోజు దానికి పట్టిన బురదను బట్టి పేరు పెట్టేదాన్ని.

మాది చిట్యాల దగ్గర హైవే దిగి లోపలికి వెళ్తే వచ్చే ఊరు. నేను బట్టలు కుడతాను. జాకెట్లు, లంగాలు, బడి పిల్లల యూనిఫారాలు, ఎండాకాలంలో బొంతలు. మా ఆయనకు ఒక పాత జీపు ఉంది. నాలుగు చక్రాలూ నేలను పట్టి లాగే రకం. అది నాకంటే ముందే ఆ ఇంటికి వచ్చింది. అందుకే నా మాట కంటే దాని మాట ఎక్కువ చెల్లుతుందని నేను దెప్పుతూ ఉంటాను. మొదట్లో పత్తి ఏరే కూలీలను చేన్లకు తీసుకుపోవడానికి దాన్ని కిరాయికి తిప్పేవాడు. రాష్ట్రం వచ్చాక మా చెరువులో పూడిక తీశారు. నీళ్ళు నిలిచాయి. పత్తి చేన్లలో సగం వరి మళ్ళయ్యాయి. ఊరికి నీళ్ళొచ్చాయి, మాకు గిరాకీ వచ్చింది. ఎందుకంటే మా నేల మాయదారి నేల. పైకి ఎర్రటి చల్క నేలలా గట్టిగా కనిపిస్తుంది. నాలుగడుగులు వేస్తే కింద నల్లరేగడి. తడిసిందంటే చెప్పు వేసుకున్నవాడి చెప్పు ఉంచుకుంటుంది, బండి తెచ్చినవాడి బండి ఉంచుకుంటుంది.

దిగబడేవాళ్ళు రకరకాలు. పట్నం నుంచి జాగాలు చూసుకోవడానికి వచ్చేవాళ్ళు ఒక రకం. వాళ్ళ బండ్ల మీద కొండలెక్కే బొమ్మలుంటాయి గానీ మా వరి గట్టు దిగడం వాటి వల్ల కాదు. యాదగిరిగుట్టలో దర్శనం చేసుకుని, ఫోను చూపించిన అడ్డదారిలో హైవే ఎక్కబోయి నేరుగా మా చెరువు అలుగులోకి వచ్చి ఆగేవాళ్ళు ఇంకో రకం. వాళ్ళ దగ్గర పులిహోర ఉంటుంది, బండి బయట పడ్డాక మాకూ పెడతారు. అందుకని వాళ్ళంటే మా అత్తమ్మకు ప్రత్యేకమైన అభిమానం. "గుట్టకు పోయినోళ్లు దిగవడ్డరంటె దేవుడే మనకు ప్రసాదం పంపినట్టు" అంటుంది.

బెల్టు రాకముందు ఇనుప గొలుసుతో గుంజేవాడు మా ఆయన. గొలుసుకు సాగడం తెలియదు, ఎదుటి బండి బాధ తెలియదు. ఒకసారి గట్టిగా గుంజితే బండి బురదలోనే ఉండిపోయింది, దాని బంపరు మాత్రం మా వెంట వచ్చింది. బండి ఆయన మొహం చూసి నవ్వాలో ఏడవాలో తెలియక మా ఆయన గొలుసును పక్కన పెట్టేశాడు. ఆ వారమే ఇద్దరం కలిసి హైవే పక్కన లారీలకు తాడ్లు, తార్పాలిన్లు అమ్మే పెద్దాయన దుకాణానికి వెళ్ళాం. అందరూ ఆయన్ని చాచా అంటారు, మేమూ అదే అన్నాం. చాచా ఒక చుట్ట విప్పి బెల్టు కొస నా చేతిలో పెట్టాడు.

"నైలాను ఇది. గుంజితే సాగుతది, సాగి మల్ల దగ్గరకొస్తది. ఆ సాగుట్లనే ఉన్నది దీని తాకత్. జర మంచిగ చూసుకోండ్రి, ఇది మిమ్మల్ని చూసుకుంటది" అన్నాడు.

నేను బట్టలు కుడతానని తెలిశాక మా ఆయన్ని వదిలేసి నాకే అన్నీ చెప్పాడు. బురదలో ఇసుక ఉంటుంది, అది నేతలో దూరి లోలోపల దారాలను కోస్తుంది, అందుకని వాడిన ప్రతిసారీ కడగాలి. సోడా, సర్ఫు ముట్టించొద్దు, ఉత్త నీళ్ళు చాలు, మరీ జిడ్డయితే ఒంటిసబ్బు. ఎండలో ఆరేయొద్దు, ఎండకు నైలాను పెళుసవుతుంది. ముడి వేయొద్దు. గుంజేటప్పుడు మధ్యలో ఒక తడి గోనెసంచి కప్పాలి. తెగిందంటే పాములా లేచి కొడుతుంది, సంచి బరువుకు కింద పడుతుంది. జనాన్ని దూరంగా నిలబెట్టాలి.

"ఇగ అన్నిటికంటె పెద్ద మాట బేటీ. కుట్టు చూడు. కుట్టు పోయిందంటె బెల్టు పోయినట్టే. నాకు మిషన్ ఉన్నది గదా అని మల్ల కుట్టకు. కోసెయ్. ఉత్తగ పడేసినవనుకో, ఇంకొకడు ఏరుకపోయి కట్టుకుంటడు. వాని పాణం మీదికొస్తది."

ఆ మాటలు నాకు వెంటనే తలకెక్కాయి. గుడ్డ పనిచేసేవాళ్ళకు కుట్టు మీద నమ్మకమూ ఉంటుంది, అనుమానమూ ఉంటుంది. ఆ రోజు నుంచి బెల్టు నా పనైపోయింది. జీపు ఇంటికి రాగానే బెల్టును వాకిట్లో పరిచి, బోరు నీళ్ళు పోసి, కొబ్బరిపీచుతో మెల్లగా రుద్దేదాన్ని. రేకుల కింద దండెం మీద నీడలో వేసేదాన్ని. ఆరాక కొస నుంచి కొస దాకా రెండు వేళ్ళ మధ్య నుంచి జార్చుకుంటూ, ఎక్కడైనా పీచు లేచిందా, ఎక్కడైనా కోసుకుందా అని చూసేదాన్ని. చివరికి చుట్ట చుట్టి, పాత పరదా గుడ్డతో నేనే కుట్టిన సంచిలో పెట్టేదాన్ని.

ఇదంతా మా అత్తమ్మకు మొదట్లో వింతగా ఉండేది. "గింత ఎండ కొడ్తుంటె నీడల ఆరేస్తాంది నా కోడలు. ఎండకు నల్లవడుతదేమో పాపం" అని వాడకట్టు ఆడవాళ్ళకు చెప్పి నవ్వేది. ఆమెది ఎడ్లతో సేద్యం చేసిన ఇల్లు. పగ్గాలకు, తోలు వార్లకు ఆముదం పట్టిస్తే పదేళ్ళు మన్నుతాయని ఆమెకు తెలుసు. ఆ ప్రేమతోనే ఒకరోజు నేను ఇంట్లో లేనప్పుడు బెల్టుకు కూడా ఆముదం పట్టించింది. మర్నాడు అది ఊళ్ళో దుమ్మంతా తనకే అంటించుకుని వచ్చింది. ఒంటిసబ్బుతో ఆ జిడ్డు వదిలించేసరికి నా నడుము వదిలింది. అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు. ఉత్తమురాలినయ్యే అవకాశం నాకు ఆమె ఏనాడూ ఇవ్వలేదు.

అయితే ఆ బెల్టు 'తల్లి' ఎలా అయిందో చెప్పాలి.

నా కాన్పు వానాకాలంలో వచ్చింది. నొప్పులు మొదలయ్యేసరికి ముసురు పట్టి మూడు రోజులైంది. అంబులెన్సు ఊళ్ళోకి ఎలాగో వచ్చింది. నన్ను ఎక్కించుకుని తిరిగి వెళ్తుంటే వాగు దిగే వాలులో కూరుకుపోయింది. లోపల నేను అరుస్తున్నాను. బయట చక్రాలు అరుస్తున్నాయి. మా ఆయన ఇంటికి పరుగెత్తి జీపు తెచ్చాడు. వాగు అవతలి గట్టెక్కి జీపు తిప్పి నిలబెట్టాడు. ఇప్పుడు జీపులో ఆయన ఉండాలి, అంబులెన్సులో డ్రైవరు ఉండాలి, నర్సమ్మ నా దగ్గర ఉండాలి. బెల్టు కట్టేవాళ్ళు ఎవరు?

నాతో బండెక్కిన మా అత్తమ్మ దిగి చీర కచ్చ పోసుకుంది. మోకాళ్ళ లోతు బురదలో పక్కకు పడుకుని, బండి కిందికి చేతులు పోనిచ్చి, కొక్కేన్ని వెతికి బెల్టు కన్ను తగిలించింది. ఆమె నాకు కనిపించలేదు. మాట మాత్రం వినిపించింది. "తాకిచ్చిన! గుంజు కొడుకా, మెల్లగ గుంజు!" తర్వాత భుజం మీది గొంగడి తీసి బెల్టు నడుమ కప్పింది. గోనెసంచి సంగతి ఆమె నా దగ్గర విన్నదే. బెల్టు సాగింది, ఒక క్షణం ఆగింది, తర్వాత మొత్తం బండి చంటిపిల్ల నిద్రలో కదిలినట్టు కదిలింది. నల్లగొండ దవాఖానలో నాకు బిడ్డ పుట్టింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరిలో ఒకరు దక్కేవాళ్ళు కాదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది.

ఆ మాట విన్నప్పటి నుంచి మా అత్తమ్మ లెక్కలో నా బిడ్డను ఇచ్చింది బెల్టే. బురదలో పడుకున్న మనిషి తన మాటే ఎత్తదు. ఎవరొచ్చినా బెల్టును చూపిస్తుంది. "గీ తల్లే గుంజింది మా పిల్లను ఈ లోకంలకు" అంటుంది. బిడ్డ కూడా బడికి పోయాక అదే చెప్పుకునేది. మిగతా పిల్లలకు అమ్మ కడుపులోంచి వచ్చామని తెలుసు, మా పిల్లకు మాత్రం జీపు వెనక నుంచి వచ్చానని గర్వం.

ఇక దసరా వస్తే చెప్పక్కర్లేదు. మా దగ్గర దసరాకు పనిముట్లన్నీ కడిగి పూజ చేస్తాం. నాగలి ఉన్నవాళ్ళు నాగలికి, తక్కెడ ఉన్నవాళ్ళు తక్కెడకు. మా ఇంట్లో జీపుకు బంతిపూల దండ, నా మిషనుకు బొట్టు. బెల్టుకు మాత్రం పీట. నేను ఉతికి చుట్టచుట్టిన బెల్టును మా అత్తమ్మ ఆ పీట మీద పెట్టి, పసుపు, కుంకుమ అద్ది, కొబ్బరికాయ కొట్టి, ఊదుబత్తులు ముట్టించేది. నాకూ కళ్ళు చెమర్చేవి. ఎగతాళి చేసే నోరు ఆ ఒక్క పూట మూతపడేది. నా బిడ్డను పక్కన పెట్టుకుని ఆ బెల్టుకు నేనూ మనస్ఫూర్తిగా దండం పెట్టాను, ప్రతి ఏడూ పెట్టాను.

ఒక దసరా దాటిన తర్వాత, గుట్ట నుంచి వచ్చిన కారు ఒకటి దిగబడింది. గుంజి తెచ్చాక ఎప్పటిలాగే బెల్టు కడిగి ఆరేశాను. ఎప్పటిలాగే వేళ్ళ మధ్య జార్చుకుంటూ వచ్చాను. కన్ను దగ్గర నా బొటనవేలికి ఏదో గట్టిగా తగిలింది. మట్టి పెళ్ళ అనుకుని గోటితో గీరాను. రాలేదు. వెలుతురులోకి తీసుకెళ్ళి చూస్తే కుట్టు మీద దారాలు కరిగి, ముద్దయి, నల్లగా మెరుస్తున్నాయి. నైలాను చీర మీద ఇస్త్రీపెట్టె కాస్త ఎక్కువసేపు ఆగితే ఎలా అవుతుందో నాకు బాగా తెలుసు. వంచి చూశాను. దారాలు పుటుక్కుమన్నాయి. పక్కనే ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి, కాస్త పాతది. కన్ను చుట్టూ వరసగా ఉన్నాయి.

బెల్టు మంట దగ్గరికి ఎప్పుడు వెళ్ళిందా అని ఆలోచించాను. పొయ్యి దగ్గరికి పోదు, సైలెన్సరుకు తగలనివ్వం. అప్పుడు అర్థమైంది. ఊదుబత్తులు గుచ్చడానికి అందరూ అరటిపండు వాడతారు. మా అత్తమ్మకు పండు పాడవుతుందని బాధ. పిల్లలు తింటారు కదా అని పండు తీసి పక్కన పెట్టి, ఊదుబత్తులను బెల్టు కన్నులోనే, కుట్టు సందులోనే గుచ్చేది. అవి కాలుతూ కాలుతూ మొదలు దాకా వచ్చి అక్కడే ఆరిపోయేవి. కడిగినా పోని కుంకుమ మరక కింద ఆ మచ్చ కనబడేది కాదు, వేలికి తగిలినా గట్టిపడిన పసుపే అనుకుని నేను వదిలేసి ఉంటాను. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఏ చోట బలమంతా ఉంటుందో ఆ చోటే ఆమె ప్రతి ఏడూ భక్తితో కాలుస్తూ వచ్చింది.

 జీపు వెనక భాగం తెరిచే ఉంటుంది. బెల్టు తెగితే మొదట వచ్చి తాకేది మా ఆయన తల వెనకే.

కుట్టు పోయింది, బెల్టు మార్చాలని ఆ పూటే మా ఆయనకు చెప్పాను. ఊదుబత్తి మాట చెప్పలేదు. ఆయన కడుపులో మాట ఆగదు. పొద్దున చెప్తే మధ్యాహ్నానికి వాళ్ళమ్మ చెవిలో ఉంటుంది. ఆమె తన చేత్తో కాల్చానని తెలిస్తే అన్నం తినడం మానేస్తుంది. ఇద్దరం చాచా దగ్గరికి వెళ్ళాం. ఆయన కన్ను చూశాడు, నా మొహం చూశాడు. ఎలా కాలిందని అడగలేదు. కొత్త బెల్టు తీసి ఇస్తూ, "పాతదాన్ని ఇయ్యాల్నే కోసెయ్ బేటీ" అని మాత్రం అన్నాడు.

ఇంటికి వచ్చి నా పెద్ద కత్తెర తీశాను. మా అత్తమ్మ వచ్చి బెల్టు మీద కూర్చుంది. నిజంగానే, చుట్ట మీద పీట మీద కూర్చున్నట్టు కూర్చుంది.

"ముసలిదైందని ఎద్దును కోతకు అమ్ముకుంటమా? నీ బిడ్డను ఇచ్చింది గదనే ఇది. ఏరు దాటినంక తెప్ప తగలెయ్యమంటవా?" అంది.

"ఎద్దయితె కొట్టంల ఉంటది అత్తమ్మా. ఇది ఊకుండది. ఎవరన్న కట్టుకుంటరు."

"నా ఇంట్ల ఉన్నదాన్ని ఎవరు కట్టుకుంటరే? దేవుని మూలకు ఏలాడదీస్త. మొక్కుకుంట. నీకేం అడ్డం?"

మా ఆయన నా వైపు చూడకుండా జీపు తుడవడం మొదలుపెట్టాడు. మా మామ పత్తి చేను దగ్గరే ఎక్కువగా ఉంటాడు, ఇలాంటి పంచాయితీల వాసన వస్తే అసలు ఇంటికే రాడు. కాలిన సంగతి ఒక్కటి చెప్తే ఆ పంచాయితీ అక్కడే తేలిపోయేది. ఆమె మొహం చూస్తూ ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. సరేనన్నాను. పాత బెల్టు దేవుడి మూలలో మేకుకు ఎక్కింది, కొత్త బెల్టు జీపులోకి ఎక్కింది. కుడుతూ కుడుతూ తల ఎత్తి ఆ మేకు వైపు చూడటం నాకు అలవాటైపోయింది.

వరికోతలు వచ్చాయి. ఇప్పుడు కోత అంతా మిషనుదే. కానీ మిషను మడిలో తిరగాలంటే ముందు మూలలు మనుషులు కోసి పెట్టాలి. ఆ మూలలు కోయడానికి మా అత్తమ్మ ఒక ఆదివారం పొద్దున్నే కొడవలి పట్టుకుని వెళ్ళింది. కాసేపటికి అదే పొలం నుంచి మా ఆయనకు కబురు వచ్చింది. వడ్ల బస్తాలు ఎత్తిన పికప్ బండి మడి మధ్యలో దిగబడిందట. ఆయన వెళ్ళాడు. నేను ఒక జాకెట్ చేతులు అతికిస్తూ తల ఎత్తాను. మేకుకు బెల్టు లేదు.

"బిడ్డా, ఈడి బెల్టు ఏది?"

"నాయినమ్మ పొద్దుగాల్నే జీపుల పెట్టింది. కొత్తదానికి ఏం తెల్వది, పెద్దది ఎంబటుంటె ధైర్యం అన్నది" అంది నా కూతురు, బొమ్మ మీద నుంచి చూపు తిప్పకుండా.

ఉంటే ఉంది, కొత్తది ఉండగా పాతది ఎందుకు కడతారు అనుకోబోయాను. అప్పుడే కబురులోని 'మడి మధ్యలో' అన్న మాట గుర్తొచ్చింది. జీపును మడిలోకి దింపితే అదీ దిగబడుతుంది. గట్టు మీద నుంచి గుంజాలి. ఒక బెల్టు అందదు. రెండూ కలుపుతారు. ఫోను చేశాను, ఎత్తలేదు. జీపు ఇంజను మోతలో ఆయనకు పిడుగు పడ్డా వినపడదు. పిల్లను పక్కింట్లో దింపి స్కూటీ తీశాను. ఆ దారిలో ఏయే దేవుళ్ళకు మొక్కానో ఇప్పుడు చెప్పలేను. అందరికీ మొక్కాను.

వెళ్ళేసరికి అనుకున్నట్టే ఉంది. గట్టు మీద జీపు, మడిలో పికప్పు, మధ్యలో రెండు బెల్టులు ఒకదానిలో ఒకటి దూర్చి కలిపి ఉన్నాయి. తీగలా బిగిసి ఉన్నాయి. గోనెసంచి లేదు. జనం చుట్టూ మూగి ఉన్నారు. అందరికంటే దగ్గరగా, సరిగ్గా ఆ కలిపిన చోట, మా అత్తమ్మ. కొడవలి చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించి, పాత బెల్టుకు దండం పెడుతోంది.

నేను గట్టు మీద పరుగెత్తి జీపు ముందుకు వెళ్ళి నిలబడ్డాను. మా ఆయన బ్రేకు తొక్కాడు.

"సచ్చిపోదామనుకున్నవానే?" అని అరిచాడు.

"నువ్వు సావొద్దనే వచ్చిన. బండి ఎనక్కి ఎయ్యి. ముందుగాల బెల్టు సడలనియ్యి."

పొలం ఆసామి నవ్వాడు. "ఏం చెల్లె, జీపుకు జాకెట్ కొల్తలు తియ్యనీకి వచ్చినవా?" అందరూ నవ్వారు. వేరే రోజైతే ఆయనకు తగిన జవాబు నా దగ్గర ఉండేది. ఆ రోజు నా చూపంతా బెల్టు మీదే. బెల్టు సడలింది. బురదలోకి దిగి రెండు బెల్టులనూ విడదీసి, పాతదాని కన్ను పట్టుకుని మా అత్తమ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఏమైందే దానికి? మంచిగనే ఉన్నది గదా" అంది.

 ఆమె చేయి తీసుకుని, ఆమె వేలిని కుట్టు మీద పెట్టాను. వేలు ఒక మచ్చ మీద ఆగింది. గీరి చూసింది. జరిగి ఇంకొక దాని మీద ఆగింది. అలా ఒక్కొక్క దాన్నీ తడుముకుంటూ చివరి దాకా వెళ్ళింది. చివరిదాని మీద ఇంకా కొంచెం బూడిద రంగు ఉంది. దాన్ని చూసి, చాలా చిన్న గొంతుతో, "గిది ఈ దసరాది" అంది.

ఎవరూ నవ్వడం లేదు. అసలేం జరుగుతోందో వాళ్ళకు అర్థం కాలేదు. ఆమెకు మొత్తం అర్థమైంది.

"నీకు ఎర్కేనా ముందుగాల్నే?"

"ఎర్కే."

"మరి చెప్పలేదేందే?"

"నీ మనసు నొస్తదని, అత్తమ్మా."

ఆమె నా వైపు చూసిన చూపును నేను ఎప్పటికీ మరవను. అందులో కోపం ఉంది, దాని కింద ఇంకేదో ఉంది. "నా మనసు నొస్తదని, నా కొడుకును దీని ముందల కూసోవెట్టినవా?" అంది.

  గట్టు మీద చతికిలబడి బెల్టు కన్నును కళ్ళకద్దుకుంది. "నీ తప్పేం లేదు తల్లీ. మంచిగ చేసినవు. నేనే బుద్ధి తక్కువై కాల్చిన. ఇగ నీ పని అయిపోయింది" అంది. బెల్టును పాదం కింద తొక్కిపట్టి, పళ్ళ కొడవలి పెట్టి కోయడం మొదలుపెట్టింది. నైలాను వరి కాదు, అంత తేలిగ్గా తెగదు. మా ఆయన జీపు దిగి వచ్చాడు.

"ఇటు తే అమ్మా, నేను కోస్త."

"నువ్వు జరుగు. కాల్చినదాన్ని నేను, కోసేదాన్ని నేనే" అంది తల ఎత్తకుండా.

రెండు కన్నులూ కోసింది. మధ్యలో కూడా కోసింది. మళ్ళీ ఎవరూ కలుపుకోలేనంత పొట్టి ముక్కలు చేసింది. ఎంతసేపు పట్టినా జనంలో ఒక్కరూ కదల్లేదు. తర్వాత లేచి, చీర దులుపుకుని, పొలం ఆసామి మీద పడింది. "బస్తాలన్ని ఎత్తుక గుంజుమంటరా? సగం దించుండ్రి. ఏమయ్యా, గా గోనెసంచి తడిపి తే. మీరందరు ఏం చూస్తున్నరు ఈడ, ఆట ఆడుతున్నమా? దూరం! ఇంక దూరం! గా తుమ్మచెట్టు కాడికి పోండ్రి!" అందరూ పోయారు. ఆసామి కూడా పోయాడు.

మా ఆయన ఈసారి దూరమైనా చుట్టు తిరిగి, పక్క గట్టు మీద నుంచి జీపును పికప్పుకు దగ్గరగా తెచ్చి నిలబెట్టాడు. కొత్త బెల్టు ఒక్కటే సరిపోయింది. బస్తాల బరువు తగ్గింది, మధ్యలో తడి సంచి ఉంది. బెల్టు సాగింది, ఆగింది, బండి మెల్లగా కదిలి గట్టెక్కింది.

పికప్పు డ్రైవరు దిగి వచ్చాడు. భువనగిరి వైపు మనిషి. బతికిపోయానన్న సంతోషంతో రెండు చేతులూ ఎత్తి జీపుకు, బెల్టుకు దండం పెట్టబోయాడు.

"బెల్టుకేంది మొక్కుడు? గామెకు మొక్కు" అంది మా అత్తమ్మ, కొడవలితో నన్ను చూపిస్తూ.

అతను తికమకపడి నాకు దండం పెట్టాడు. ఆ వాగులో బెల్టు కట్టింది నువ్వే కదా అత్తమ్మా, ఇన్నేళ్ళు నేను పీట మీద పెట్టి మొక్కాల్సింది నీకే కదా అని చెప్పాలనుకున్నాను. నాకు బిడ్డనిచ్చింది ఆమె, తల్లి అనుకున్న బెల్టును కోసి ఆ పూట తన కొడుకును నాకు మళ్ళీ ఇచ్చిందీ ఆమే.  దగ్గరికి వెళ్ళి ఆమె చేతిలోంచి కొడవలి తీసి గట్టు మీద పెట్టాను. ఆ చేతిని నా రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాను.